ఈసీహెచ్ఎస్ కార్డు: మాజీ సైనికుల ఇళ్లలో తిరిగే అపోహలు, అసలు సంగతులు

అపోహ: పెన్షన్ వస్తోందిగా, వైద్యం కార్డు కూడా దానంతట అదే వస్తుంది.

రాదు. ఈసీహెచ్ఎస్ అంటే పెన్షన్ పొందే మాజీ సైనికులకు, వారి కుటుంబాలకు కేంద్ర ప్రభుత్వం నడిపే వైద్య పథకం. 2003 ఏప్రిల్ 1 నుంచి రిటైరైనవారికి ఇందులో సభ్యత్వం తప్పనిసరే, చందా కూడా కోత పడుతుంది. కానీ కార్డుకు విడిగా దరఖాస్తు చేసుకోవాలి. ఈసీహెచ్ఎస్ వెబ్‌సైట్‌లో వివరాలు నింపి డిశ్చార్జ్ బుక్, పీపీఓ (పెన్షన్ మంజూరు ఉత్తర్వు), ఆధార్, ఫొటోలు పెడితే స్టేషన్ హెడ్‌క్వార్టర్స్‌లో (స్థానిక సైనిక కార్యాలయంలో) సరిచూసి ఆమోదిస్తారు. ఇంట్లో ఒక్కొక్కరికీ ఒక్కో కార్డు. 2003కి ముందు రిటైరై ఇంకా చేరనివారు ఇప్పుడైనా చేరొచ్చు. కాకపోతే నెలనెలా వచ్చే మెడికల్ అలవెన్సు వదులుకోవాలి.

అపోహ: ఏటా ప్రీమియం కట్టాలి, బీపీ, షుగర్ ఉంటే చేర్చుకోరు.

ఇది ఇన్సూరెన్స్ కాదు. కట్టేది జీవితంలో ఒక్కసారి. 2017 డిసెంబర్ 29 నాటి రేట్ల ప్రకారం హవల్దార్ వరకు రూ.30,000, జేసీఓలకు (సుబేదార్ వంటి హోదాలవారికి) రూ.67,000, ఆఫీసర్లకు రూ.1,20,000. 1996కి ముందు రిటైరైనవారికి, యుద్ధంలో భర్తను కోల్పోయినవారికి అదీ లేదు. వయసు, పాత జబ్బులు అడ్డు కావు. చికిత్స ఖర్చుకు పైపరిమితి లేదు.

అపోహ: కుటుంబ సభ్యులందరి పేర్లూ రాసేస్తే సరిపోతుంది.

చాలా దరఖాస్తులు ఇక్కడ ఆగిపోతాయి. కొడుక్కి 25 ఏళ్లు నిండేదాకా, లేదా ఉద్యోగమో పెళ్లో అయ్యేదాకా, ఏది ముందైతే అంతవరకే. కూతురికి వయసు లెక్క లేదు, పెళ్లి లేదా సంపాదన వచ్చేవరకు. తల్లిదండ్రుల ఆదాయం నెలకు రూ.9,000, దానిపై డీఏ (కరువు భత్యం) కలిపిన మొత్తం దాటకూడదు.

దీనికంటే పెద్ద చిక్కు పేర్లతో. సర్వీసు రికార్డులో భార్య పేరు ఉత్త ‘లక్ష్మి’, పీపీఓలో పుట్టింటి ఇంటిపేరు, ఆధార్‌లో అత్తింటి ఇంటిపేరుతో ‘వెంకటలక్ష్మి’. మనకు ముగ్గురూ ఒకరే, కంప్యూటర్‌కు కాదు. పుట్టినతేదీల్లోనూ ఇదే తంతు. దరఖాస్తుకు ముందే మూడు కాగితాలూ పక్కపక్కన పెట్టి చూడండి. తప్పు సర్వీసు రికార్డులో ఉంటే జిల్లా సైనిక సంక్షేమ కార్యాలయం ద్వారా రికార్డు ఆఫీసుకు రాయండి, దీనికి నెలలు పట్టొచ్చు. ఆధార్‌లో పేరు రెండుసార్లు, పుట్టినతేదీ ఒక్కసారే మార్చుకోనిస్తారు. కాబట్టి ఏది సరైనదో తేల్చుకున్నాకే మీసేవకో ఆధార్ కేంద్రానికో వెళ్లండి.

అపోహ: కార్డుంటే నచ్చిన ఆసుపత్రికి నేరుగా వెళ్లిపోవచ్చు.

మామూలుగా ముందు పాలీక్లినిక్ (ఈసీహెచ్ఎస్ సొంత వైద్యశాల), అక్కడి డాక్టరు రిఫరల్ ఇచ్చాకే ఆసుపత్రి. పెద్ద వయసువారికి కొన్ని సడలింపులున్నాయి. ప్రాణం మీదికొస్తే రిఫరల్ అక్కర్లేదు. ఈసీహెచ్ఎస్‌తో ఒప్పందం ఉన్న ఆసుపత్రి అయితే కార్డు చూపిస్తే చాలు, నగదు కట్టనక్కర్లేదు. ఒప్పందం లేని ఆసుపత్రిలో చేరితే 48 గంటల్లోపు పాలీక్లినిక్‌కు తెలపాలి. ఈ కబురు అందకపోతే తర్వాత క్లెయిమ్‌కు తిప్పలే. బిల్లు మీరే కట్టి, డిశ్చార్జ్ సమ్మరీ, వివరంగా రాసిన ఒరిజినల్ బిల్లులు, ‘అత్యవసరం’ అని డాక్టరిచ్చిన సర్టిఫికెట్ పెట్టి అడగాలి. తిరిగొచ్చేది సీజీహెచ్ఎస్ (కేంద్ర ప్రభుత్వ ఉద్యోగుల వైద్య పథకం) రేట్ల మేరకే. అయిదు లక్షలు కట్టాం, అయిదూ ఇస్తారనుకోకండి.

అపోహ: భర్త పోతే కార్డూ పోయినట్టే.

ఫ్యామిలీ పెన్షన్ పొందే భార్య తన పేరు మీదే సభ్యురాలవుతారు. డెత్ సర్టిఫికెట్, ఫ్యామిలీ పెన్షన్ పీపీఓతో దరఖాస్తు చేస్తే చాలు. భర్త చందా కట్టి ఉంటే మళ్లీ కట్టనక్కర్లేదు.

అపోహ: ఏజెంటు లేకుండా పని జరగదు.

జిల్లా సైనిక సంక్షేమ కార్యాలయంలో దరఖాస్తు విషయంలో సాయం చేస్తారు, దానికి రుసుము లేదు. పాలీక్లినిక్ ఆఫీసర్ ఇన్‌చార్జ్‌ని నేరుగా అడగొచ్చు. అక్కడా తేలకపోతే హైదరాబాద్ లేదా విశాఖపట్నం రీజినల్ సెంటర్‌కు రాతపూర్వకంగా ఫిర్యాదు పంపి, నకలు దగ్గర పెట్టుకోండి. ఓటీపీ మాత్రం ఎవరికీ చెప్పొద్దు, ‘సైన్యంలో పనిచేసినవాణ్ణే’ అని ఫోన్ చేసినా సరే.

పెన్షన్ రాకుండా బయటికొచ్చినవారికి మామూలుగా ఈసీహెచ్ఎస్ వర్తించదు. వారిలో హవల్దార్ హోదా వరకున్నవారు కేంద్రీయ సైనిక్ బోర్డు ఇచ్చే వైద్య సాయానికి వెబ్‌సైట్‌లో దరఖాస్తు పెట్టుకోవచ్చు. అదీ జిల్లా సైనిక సంక్షేమ కార్యాలయం మీదుగానే పైకి వెళ్తుంది, కాబట్టి ఆసుపత్రి బిల్లులు ఒక్కటీ పారేయకండి.