ఊపిరితిత్తుల నుంచి గుండె దాకా: వాయు కాలుష్యంపై అవగాహన మారిన తీరు

గాలి చెడితే దెబ్బతినేవి ఊపిరితిత్తులేనన్న అభిప్రాయం వైద్యరంగంలో చాలాకాలం స్థిరపడి ఉండేది. పీల్చిన గాలి నేరుగా చేరేది అక్కడికే కాబట్టి ఆ అభిప్రాయంలో వింతేమీ లేదు. అయితే ప్రపంచ ఆరోగ్య సంస్థ అంచనా ప్రకారం, 2019లో ఆరుబయటి వాయు కాలుష్యం వల్ల సంభవించిన సుమారు 42 లక్షల అకాల మరణాల్లో దాదాపు 68 శాతానికి కారణం గుండె రక్తనాళాల జబ్బు, పక్షవాతం. కాలుష్యానికి, గుండెకు ఉన్న ఈ సంబంధం శాస్త్రలోకంలో అంగీకారం పొందడానికి అర్ధ శతాబ్దానికి పైగా పట్టింది.

1930 డిసెంబరులో బెల్జియంలోని మ్యూజ్ నది లోయలో దట్టమైన పొగమంచు కమ్ముకుని, చుట్టుపక్కల కర్మాగారాల పొగ పైకి పోయే దారి లేక నేలబారున నిలిచిపోవడంతో కొద్ది రోజుల్లోనే సుమారు 60 మంది మరణించారు. ఆ ఘటనను పరిశోధించిన ఫిర్కే అనే వైద్యుడు, ఇలాంటి స్థితి లండన్‌లో ఏర్పడితే 3,200 మంది ప్రాణాలు పోవచ్చని హెచ్చరించాడు. 1948 అక్టోబరులో అమెరికాలోని డొనోరా పట్టణంలో అదే తరహాలో 20 మంది చనిపోయారు. 1952 డిసెంబరు 5 నుంచి 9 వరకు లండన్‌ను పొగమంచు కప్పేసినప్పుడు తొలి లెక్కలోనే మృతుల సంఖ్య 4,000కు చేరింది. తర్వాతి వారాల్లో కొనసాగిన అధిక మరణాలను అధికారులు ఇన్‌ఫ్లుయెంజా ఖాతాలో వేశారు. వాటిని కూడా కలిపి లెక్కిస్తే మొత్తం సుమారు 12,000 ఉండవచ్చని చాలాకాలం తర్వాత పరిశోధకులు తేల్చారు. మృతుల్లో అప్పటికే గుండె జబ్బున్న వృద్ధులు తక్కువేమీ కాదు. అయినా చర్చంతా దగ్గు, బ్రాంకైటిస్‌ల చుట్టూనే తిరిగింది.

1956లో బ్రిటన్ శుభ్రమైన గాలి కోసం చట్టం తెచ్చింది. కంటికి కనిపించే నల్లటి పొగ క్రమంగా తగ్గడంతో సమస్య తీరిపోయిందన్న భావన పలుచోట్ల కలిగింది. దాన్ని మార్చింది 1993లో వెలువడిన హార్వర్డ్ ‘ఆరు నగరాల’ అధ్యయనం. అమెరికాలోని ఆరు నగరాల్లో ఎనిమిది వేలకు పైగా వయోజనులను 14 నుంచి 16 ఏళ్ల పాటు గమనించిన పరిశోధకులు, వయసు, పొగతాగే అలవాటు వంటి తేడాలను లెక్కలోకి తీసుకున్న తర్వాత కూడా, కాలుష్యం అత్యల్పంగా ఉన్న నగరంతో పోలిస్తే అత్యధికంగా ఉన్న నగరంలో మరణాల రేటు 26 శాతం ఎక్కువని గుర్తించారు. 1995లో ఐదు లక్షల మందికి పైగా వ్యక్తుల సమాచారంతో జరిగిన మరో అధ్యయనం కూడా ఇదే దిశను సూచించింది. రెండింటిలోనూ ఊపిరితిత్తుల క్యాన్సర్‌తో పాటు గుండె, శ్వాసకోశ జబ్బుల మరణాలే ప్రధానంగా కనిపించాయి.

వీటి ఆధారంగా 1997లో అమెరికా ప్రభుత్వం పీఎం 2.5కు, అంటే 2.5 మైక్రాన్లు (మైక్రాన్ అంటే మిల్లీమీటరులో వెయ్యో వంతు) లేదా అంతకన్నా చిన్నవైన ధూళి కణాలకు, తొలిసారి పరిమితి విధించగానే పరిశ్రమల నుంచి తీవ్ర వ్యతిరేకత ఎదురైంది. మూల సమాచారాన్ని బయటపెట్టాలన్న డిమాండు రాగా, స్వతంత్ర బృందం ఆ లెక్కలన్నీ మళ్లీ చేసి 2000లో ప్రధాన ఫలితాలు సరైనవేనని ధ్రువీకరించింది. ఇంతటి నిశిత పరీక్షకు నిలిచిన ప్రజారోగ్య అధ్యయనాలు అరుదు.

అప్పటికి మిగిలిన ప్రశ్న ఒక్కటే: ఊపిరితిత్తుల్లోకి వెళ్లిన ధూళి గుండెను ఎలా బాధిస్తుంది? సూక్ష్మ కణాలు గాలి తిత్తుల్లో వాపు పుట్టించి, దాని ప్రభావంతో రక్తం తేలికగా గడ్డకట్టేలా చేస్తాయన్న ప్రతిపాదన 1995లో వచ్చింది. వాపును రేపే రసాయనాలు రక్తంలోకి చేరి ధమనుల లోపలి పొరను దెబ్బతీస్తాయని, గుండె లయను నియంత్రించే నాడీ వ్యవస్థ సమతూకం తప్పుతుందని, అతి సూక్ష్మ కణాల్లో కొన్ని నేరుగా రక్తంలో కలుస్తాయని ఆ తర్వాతి పరిశోధనలు సూచించాయి. 2007లో, గతంలో గుండెపోటు వచ్చిన 20 మంది పురుషులు పలచబరచిన డీజిల్ పొగను పీలుస్తూ వ్యాయామం చేసినప్పుడు, శుభ్రమైన గాలి పీల్చినప్పటికంటే వారి గుండె కండరానికి రక్తం కొరత ఎక్కువగా ఏర్పడినట్లు ఈసీజీలో కనిపించింది. 2010లో అమెరికన్ హార్ట్ అసోసియేషన్, సూక్ష్మ ధూళికి, గుండె జబ్బులకు మధ్య కార్యకారణ సంబంధం ఉందన్న నిర్ధారణకు ఆధారాలు మద్దతిస్తున్నాయని ప్రకటించింది.

అన్ని ఆధారాలూ సమానంగా గట్టివి కావు. 1990లో బొగ్గు అమ్మకాన్ని నిషేధించాక ఐర్లాండ్ రాజధాని డబ్లిన్‌లో గుండె జబ్బుల మరణాలు 10 శాతం తగ్గాయని 2002లో చెప్పిన లెక్క విస్తృతంగా ప్రచారం పొందింది. కానీ గుండె మరణాలు ఆ కాలంలో నిషేధంతో సంబంధం లేకుండానే తగ్గుతూ వచ్చాయని, శ్వాసకోశ మరణాల్లో తగ్గుదలే నిలబడుతుందని తర్వాతి పునఃపరిశీలన తేల్చింది. మొత్తం వాదనను ఇది బలహీనపరచకపోయినా, ఆ ఉదాహరణను ఇప్పటికీ యథాతథంగా వాడటం సమంజసం కాదు.

ప్రపంచ ఆరోగ్య సంస్థ 2005లో పీఎం 2.5 వార్షిక సగటుకు ఘనపు మీటరుకు 10 మైక్రోగ్రాముల పరిమితిని సూచించి, 2021లో దాన్ని 5కు తగ్గించింది. తక్కువ స్థాయిల్లోనూ ముప్పు కొనసాగుతోందన్న ఆధారాలే ఇందుకు కారణం. వైద్యుల గదుల్లో మాత్రం మార్పు నెమ్మదిగా వస్తోంది: గుండెపోటు ముప్పును అంచనా వేసే ఫ్రేమింగ్‌హామ్ వంటి ప్రసిద్ధ సూత్రాలు వయసు, రక్తపోటు, కొలెస్ట్రాల్, పొగతాగే అలవాటు గురించి అడుగుతాయి గాని, మనిషి ఏళ్ల తరబడి పీల్చే గాలి గురించి అడగవు.