హైబ్రిడ్ కారును ఏ గాటన కట్టాలి?

2025 సెప్టెంబర్ 22న కొత్త జీఎస్‌టీ రేట్లు అమల్లోకి వచ్చాక పెద్ద కార్లకు ఒకటే పన్ను: 40 శాతం. నాలుగు మీటర్ల పొడవు దాటిన హైబ్రిడ్‌కూ (పెట్రోలు ఇంజను, విద్యుత్ మోటారు రెండూ ఉన్న కారు) అంతే, అదే సైజు పెట్రోలు కారుకూ అంతే. బ్యాటరీ కారుకు మాత్రం 5 శాతం. అంతకుముందు ఇలాంటి హైబ్రిడ్‌కు సెస్సుతో కలిపి 43 శాతం, పెట్రోలు కారుకు రకాన్ని బట్టి 45 నుంచి 50 దాకా ఉండేది. కొద్దిపాటి ఆ తేడా కూడా పోయింది. పెట్రోలు పొదుపుగా వాడే బండికీ, తాగేసే బండికీ ఒకే పన్ను పడటం వెనుక పదిహేడేళ్ల చరిత్ర ఉంది.

ముందు యంత్రం సంగతి. టయోటా 1997 డిసెంబరులో జపాన్‌లో ప్రియస్‌ను అమ్మకానికి పెట్టింది. మామూలు కారు బ్రేక్ వేసినప్పుడల్లా తన వేగాన్ని వేడిగా మార్చి గాలికి వదిలేస్తుంది. హైబ్రిడ్‌లో అదే సమయంలో మోటారు జనరేటరుగా మారి, ఆ శక్తిలో కొంత బ్యాటరీకి పంపుతుంది. సిగ్నల్ దగ్గర ఇంజను ఆగిపోతుంది, ఏసీ బ్యాటరీ మీద నడుస్తుంది. ఇంకో కిటుకు ఇంజనులోనే ఉంది. అట్కిన్‌సన్ పద్ధతిలో, గాలిని లోపలికి తీసుకునే ఇన్‌టేక్ వాల్వు ఆలస్యంగా మూసుకుంటుంది. దానివల్ల కుదింపు దూరం కన్నా వ్యాకోచించే దూరం ఎక్కువై, పొగగొట్టంలోంచి వృథాగా పోయే వేడి తగ్గుతుంది. ఇలాంటి ఇంజను కదిలే మొదట్లో నీరసంగా లాగుతుంది. ఆ లోటును మోటారు పూడుస్తుంది. పొదుపంతా బ్యాటరీదే అనుకుంటారు గానీ, ఇంజనును ఇలా మార్చుకునే వీలు దొరకడమే సగం బలం.

మన దేశానికి 2008లో హోండా సివిక్ హైబ్రిడ్, 2010లో ప్రియస్ వచ్చాయి. రెండూ దిగుమతి బళ్లే. సివిక్ ధర 21.5 లక్షలు. అంత పెట్టి కొనేవారికి పెట్రోలు ఖర్చు పెద్ద సమస్య కాదు, పెట్రోలు ఖర్చు సమస్యైన వారికి ఆ ధర అందదు. 2013లో బెంగళూరు దగ్గరి బిడదిలో క్యామ్రీ హైబ్రిడ్ తయారీ మొదలైనా పరిస్థితి పెద్దగా మారలేదు.

అసలు చిక్కు 2015 ఏప్రిల్‌లో మొదలైన ఫేమ్ సబ్సిడీ పథకంతో వచ్చింది. అందులో మైల్డ్ హైబ్రిడ్‌నూ స్ట్రాంగ్ హైబ్రిడ్‌నూ ఒకే గాటన కట్టారు. మైల్డ్ అంటే బెల్టుతో నడిచే చిన్న స్టార్టర్ జనరేటరు. అది సిగ్నల్ దగ్గర ఆపిన ఇంజనును మళ్లీ లేపుతుంది, కాస్త ఊతమిస్తుంది. కారును ఒంటరిగా ఒక్క అడుగు కూడా కదపలేదు. స్ట్రాంగ్ హైబ్రిడ్‌లో అయితే మోటారు ఒక్కటే కారును కొంత దూరం నడపగలదు. మారుతి సియాజ్ లాంటి మైల్డ్ డీజిల్ కార్లకూ 13,000 రూపాయల సబ్సిడీ వచ్చింది. విమర్శలు రాగా 2017 ఏప్రిల్ 1 నుంచి మైల్డ్‌ను జాబితా నుంచి తీసేశారు. మూడు నెలలకే, జూలై 1న వచ్చిన జీఎస్‌టీలో స్ట్రాంగ్ హైబ్రిడ్ మీద పన్ను సుమారు 30 శాతం నుంచి 43కు ఎగబాకింది. మైల్డ్ చేసిన చెడ్డపేరును స్ట్రాంగ్ మోసిందన్నది మా అభిప్రాయం. 2019 ఆగస్టులో బ్యాటరీ కార్ల పన్నును 12 నుంచి 5 శాతానికి దించినప్పుడూ హైబ్రిడ్ ఊసు లేదు.

2022 మేలో హోండా సిటీ, సెప్టెంబరులో టయోటా హైరైడర్, మారుతి గ్రాండ్ విటారా రావడంతో హైబ్రిడ్ ఇరవై లక్షల లోపు దొరకడం మొదలైంది. 2024 జూలైలో ఉత్తరప్రదేశ్ స్ట్రాంగ్ హైబ్రిడ్‌లకు రిజిస్ట్రేషన్ పన్ను మాఫీ చేయడంతో పాత వాదన మళ్లీ లేచింది: బ్యాటరీ కారుకు ఇచ్చేది దీనికెందుకు?

లెక్క వేసి చూద్దాం. లీటరు పెట్రోలు మండితే సుమారు 2.3 కిలోల కార్బన్ డయాక్సైడ్ వస్తుంది. లీటరుకు 20 కిలోమీటర్లు వెళ్లే హైబ్రిడ్ కిలోమీటరుకు 115 గ్రాములు వదులుతుంది. బ్యాటరీ కారు వంద కిలోమీటర్లకు 15 యూనిట్లు వాడుతుందనుకుంటే, మన గ్రిడ్‌లో యూనిట్‌కు దాదాపు 0.7 కిలోలు కాబట్టి అక్కడా 105 గ్రాములు. ఛార్జింగ్‌లో పోయేది కలిపితే ఇంకొంచెం పెరుగుతుంది. పెట్రోలు శుద్ధి చేసేటప్పుడు వెలువడేది కలిపితే హైబ్రిడ్ వైపూ పెరుగుతుంది. అంటే ఈ రోజుకు రెండూ దగ్గర దగ్గర. కానీ సౌర, పవన విద్యుత్తు పెరిగేకొద్దీ బ్యాటరీ కారు లెక్క ఏటా మెరుగుపడుతుంది, హైబ్రిడ్‌ది అక్కడే ఉంటుంది. బ్యాటరీ కారుకు ఎక్కువ రాయితీ ఇవ్వడం సబబే. 5కూ 40కీ మధ్య మెట్టే లేకపోవడం మాత్రం సబబు కాదు.

కొనేవారి లెక్క వేరు. ఏడాదికి 15,000 కిలోమీటర్లు, హైబ్రిడ్‌కు అదనంగా 2.5 లక్షలు, లీటరు 107 రూపాయలు అనుకోండి. హైదరాబాద్ ట్రాఫిక్‌లో లీటరుకు ఆటోమేటిక్ పెట్రోలు కారు 12 కిలోమీటర్లు, హైబ్రిడ్ 20 ఇస్తే ఏటా 500 లీటర్లు మిగులుతాయి. అది 53,500 రూపాయలు, 1,150 కిలోల కార్బన్ డయాక్సైడ్. అయిదేళ్ల లోపే పెట్టుబడి తిరిగొస్తుంది. విజయవాడ హైవే మీదే ఎక్కువగా తిరిగేవారికి పెట్రోలు కారు 16 ఇస్తుంది, హైబ్రిడ్ అదే 20. మిగిలేది 190 లీటర్ల లోపే, అసలు రాబట్టడానికి పన్నెండేళ్లు. ఒకే వేగంతో సాగే దారిలో బ్రేకు పని తక్కువ, తిరిగి పట్టుకునే శక్తీ తక్కువ.

ఈ లెక్క నిలవాలంటే బ్యాటరీ నిలవాలి. హైరైడర్ లాంటి వాటిలో అది 0.76 యూనిట్లదే. వారంటీ 8 ఏళ్లు లేదా 1.6 లక్షల కిలోమీటర్లు. దానికి శత్రువు వేడి. చల్లబరిచే గాలి క్యాబిన్‌లోంచే వెళ్తుంది కాబట్టి ఆ జాలీకి సంచులు అడ్డం పెట్టకూడదు, సర్వీసింగ్‌లో దాని ఫిల్టరు దుమ్ము దులిపించాలి. టయోటా పద్ధతి కార్లను జామ్‌లో న్యూట్రల్‌లో ఉంచితే బ్యాటరీ ఛార్జ్ కాదు, ఏసీ దాన్ని తోడేస్తుంది. బ్రేకు పట్టి డ్రైవ్‌లోనే ఉంచాలి. తిరుమల నుంచి దిగేటప్పుడు సుమారు 700 మీటర్ల ఎత్తు తగ్గుతాం. 1,600 కిలోల బండికి అది దాదాపు 3 యూనిట్ల శక్తి. ఇంత చిన్న బ్యాటరీ దారి మధ్యలోనే నిండిపోతుంది. అప్పుడు గేరు లీవరు దగ్గర B అని రాసి ఉండే బి గేరు వేస్తే ఇంజనే బండిని నిలవరిస్తుంది, బ్రేకులు కాగవు. ఇక వారాల తరబడి ఇంట్లో వదిలేసే కారులో ముందు చచ్చేది పెద్ద బ్యాటరీ కాదు, మామూలు 12 వోల్టులది. అది దిగిపోతే కంప్యూటర్ లేవదు, పెద్ద బ్యాటరీ నిండుగా ఉన్నా కారు కదలదు. వారానికోసారి రెడీ లైటు వెలిగేలా స్టార్ట్ చేసి అరగంట ఉంచితే చాలు.