"బాగానే నడుస్తోంది కదా" అనుకునే స్విచ్‌లు: అపోహలు - వాస్తవాలు

ఆఫీసు నెట్‌వర్క్‌ల పనిలో తరచూ వినబడే మాట: "బాగానే నడుస్తోంది కదా, దాని జోలికి వెళ్లకండి." ఆ భయం అర్థం చేసుకోదగ్గదే. కానీ పెట్టెలోంచి తీసి బిగించిన స్విచ్‌లో (కంప్యూటర్లను కేబుళ్లతో నెట్‌వర్క్‌లో కలిపే పరికరంలో) ముఖ్యమైన నిర్ణయాలేవీ మనం తీసుకున్నవి కావు.

అపోహ: స్పానింగ్ ట్రీ (స్విచ్‌ల మధ్య లూప్‌లను ఆపే ఏర్పాటు) అన్నీ తానే చూసుకుంటుంది.

వాస్తవం: లూప్ పడకుండా, అంటే డేటా వలయంలో అంతులేకుండా తిరగకుండా చూస్తుంది, నిజమే. అయితే రూట్ స్విచ్ (మిగతా దారులన్నింటికీ మూలమైన స్విచ్) ఏదో మనం చెప్పకపోతే తానే ఎంచుకుంటుంది. ఈ ఎంపికలో చిన్న సంఖ్యదే గెలుపు. అన్నింటికీ ప్రయారిటీ 32768గానే ఉంటుంది కాబట్టి మ్యాక్ అడ్రస్ (తయారీలోనే ఇచ్చిన గుర్తింపు సంఖ్య) చిన్నదైన స్విచ్ గెలుస్తుంది. చాలాసార్లు అది అందరికంటే పాత స్విచ్. స్టోర్‌రూమ్ మూలన ఉన్న ఆ పాత స్విచ్ రూట్ అయితే, వేగవంతమైన లింకులు మూసుకుపోయి ట్రాఫిక్ దాని చుట్టూ తిరగవచ్చు. నెట్‌వర్క్ నడిబొడ్డున ఉండే కోర్ స్విచ్‌కు ప్రయారిటీ 4096, దాని జోడీకి 8192 ఇవ్వండి. ఉద్యోగుల టేబుళ్ల దగ్గరి పోర్టులకు బీపీడీయూ గార్డ్ (స్పానింగ్ ట్రీ సందేశం వస్తే పోర్టును మూసేసే రక్షణ) పెట్టండి. ఎవరైనా చిన్న స్విచ్ తెచ్చి దాని రెండు పోర్టులను ఒకే కేబుల్‌తో కలిపేసినా ఆ ఒక్క పోర్టే ఆగిపోతుంది, అంతస్తు మొత్తం కాదు.

అపోహ: ఒక్క వీలాన్ (ఒకే స్విచ్‌లో విడిగా నడిచే నెట్‌వర్క్) చేర్చడమే కదా, పనివేళల్లోనే చేసేయవచ్చు.

వాస్తవం: సిస్కో స్విచ్‌లో ట్రంక్ (చాలా వీలాన్‌లను మోసే లింకు) మీద 10, 20 వీలాన్‌లు వెళ్తున్నాయనుకోండి. 30 చేర్చడానికి "స్విచ్‌పోర్ట్ ట్రంక్ అలౌడ్ వీలాన్ 30" అని కొడితే అది చేర్చదు. 10, 20లను తీసేసి 30 ఒక్కదాన్నే ఉంచుతుంది. సంఖ్యకు ముందు "యాడ్" అన్న మాట తప్పనిసరి. స్విచ్‌ను నిర్వహించే మేనేజ్‌మెంట్ వీలాన్ 10 అయితే మీ ఎస్ఎస్‌హెచ్ (దూరం నుంచి సురక్షితంగా లాగిన్ అయ్యే దారి) కూడా అక్కడే తెగిపోతుంది. అందుకే దూరం నుంచి మార్పు చేసేటప్పుడు ముందుగా కాన్ఫిగ్ (స్విచ్ సెట్టింగులు) సేవ్ చేసి, "రీలోడ్ ఇన్ 10" ఇచ్చి, ఆ తర్వాతే మార్పు చేయండి. లైను తెగితే పది నిమిషాల్లో స్విచ్ రీబూట్ అయి, సేవ్ చేసిన పాత కాన్ఫిగ్‌తో లేస్తుంది. అన్నీ సరిచూసుకున్నాకే "రీలోడ్ క్యాన్సిల్", ఆపైన సేవ్. జునిపర్ స్విచ్‌లో "కమిట్ కన్‌ఫర్మ్‌డ్" ఇదే పని రీబూట్ లేకుండా చేస్తుంది. ఈ ఒక్క అలవాటు ఎన్ని అర్ధరాత్రి ప్రయాణాలను తప్పిస్తుందో చెప్పలేను.

స్పీడు, డూప్లెక్స్ (ఒకేసారి రెండు వైపులా పంపుకోవడమా, ఒక్కో వైపే పంపడమా అన్నది) చేత్తో బిగిస్తే లింకు గట్టిగా ఉంటుందన్నది మరో పాత నమ్మకం. ఒక వైపు 100 ఫుల్ అని బిగించి రెండో వైపు ఆటో (తానే కుదుర్చుకునే పద్ధతి) వదిలేస్తే, ఆటో వైపు హాఫ్ డూప్లెక్స్‌లోకి జారుతుంది. లింకు దీపం పచ్చగానే వెలుగుతుంది, ఫైళ్లు మాత్రం నత్తనడకన కదులుతాయి. రాగి కేబుల్ మీద గిగాబిట్‌కైతే ఆటో నెగోషియేషన్ ప్రమాణంలోనే భాగం.

అపోహ: ఫైర్‌వాల్ ఉంది కాబట్టి లోపల టెల్‌నెట్ (దూరం నుంచి లాగిన్ అయ్యే పాత పద్ధతి) ఉన్నా ఫరవాలేదు.

వాస్తవం: వైరస్ సోకిన ఒక్క ల్యాప్‌టాప్ చాలు, శత్రువు లోపలే ఉన్నట్టు. టెల్‌నెట్‌లో పాస్‌వర్డ్ యథాతథంగా ప్రయాణిస్తుంది. సిస్కో కాన్ఫిగ్‌లో టైప్ 7 పద్ధతిలో దాచిన పాస్‌వర్డ్‌ను క్షణాల్లో విప్పేయవచ్చు. "పబ్లిక్" అన్న ఎస్ఎన్ఎంపీ కమ్యూనిటీని (పరికరాలను గమనించే పద్ధతికి పాస్‌వర్డ్ లాంటి మాటను) ఈరోజే తీసేయండి.

అపోహ: పెద్ద కంపెనీలకు ఇలాంటివి జరగవు.

వాస్తవం: 2021 అక్టోబర్ 4న నిర్వహణ పనిలో ఇచ్చిన ఒక కమాండ్ ఫేస్‌బుక్ బ్యాక్‌బోన్‌ను (డేటా సెంటర్లను కలిపే ప్రధాన నెట్‌వర్క్‌ను) కూల్చింది. అలాంటి కమాండ్‌ను ఆపాల్సిన తనిఖీ సాధనంలోనే లోపం ఉంది. అత్యవసరానికి ఉంచుకున్న వేరే దారి కూడా పనిచేయక ఇంజనీర్లు స్వయంగా డేటా సెంటర్లకు వెళ్లాల్సివచ్చింది. మీ కన్సోల్ సర్వర్‌లోకి (నెట్‌వర్క్ పడిపోయినా స్విచ్‌లకు నేరుగా చేర్చే పరికరంలోకి) చివరిసారి ఎప్పుడు లాగిన్ అయ్యారు? అది ఆఫీసు నెట్‌వర్క్ మీదే ఆధారపడి ఉంటే ఆపదలో అక్కరకు రాదు.

ఇక లాగ్‌లు, అంటే ఏ సంఘటన ఎప్పుడు జరిగిందో స్విచ్ రాసుకునే చిట్టా. స్విచ్ మెమరీలో ఉన్నవి రీబూట్‌తో పోతాయి, గడియారం తప్పైతే ఉన్నవీ అక్కరకు రావు. భారత ప్రభుత్వ సైబర్ భద్రతా సంస్థ సెర్ట్-ఇన్ 2022 ఏప్రిల్ ఆదేశాల ప్రకారం లాగ్‌లను 180 రోజులు దాచాలి, గడియారాలను ఎన్ఐసీ (నేషనల్ ఇన్ఫర్మాటిక్స్ సెంటర్) లేదా ఎన్‌పీఎల్ (నేషనల్ ఫిజికల్ లాబొరేటరీ) సమయంతో సరిచూడాలి. ఎన్‌టీపీ (గడియారాన్ని సరిచేసేది), సిస్‌లాగ్ సర్వర్ (లాగ్‌లను దాచేది) రెండూ పెట్టాక, ఏదైనా ఖాళీ పోర్టు ఆపి, తిరిగి తెరిచి, ఆ లాగ్ వరుస సరైన సమయంతో సర్వర్‌కు చేరిందో లేదో చూడండి.