ముర్రుపాల మాట అమ్మమ్మకూ చెప్పాలి

ఆశా వర్కర్ అనగానే ఇప్పుడు రిజిస్టర్లు, యాప్‌లు, జీతాల ధర్నాలే గుర్తొస్తాయి. కానీ ఆమె అసలు పని బాలింత ఇంటికి వెళ్లి, కూర్చుని మాట్లాడటం. ఆ పని ఆమె చేతికి రావడానికి చాలా ఏళ్లు పట్టింది.

1977 అక్టోబర్ 2న జనతా ప్రభుత్వం ఊరికో ఆరోగ్య కార్యకర్తను పెట్టే పథకం మొదలుపెట్టింది. వెయ్యి జనాభాకు ఒకరు, మూడు నెలల శిక్షణ, నెలకు 50 రూపాయలు, ఒక మందుల పెట్టె. ఎంపికైనవాళ్లలో ఎక్కువమంది మగవాళ్లే. బాలింత ఉన్న గదిలోకి పరాయి మగవాడు వెళ్లి పాలు పట్టడం గురించి ఏం చెప్తాడు? దాంతో మందుల పెట్టె మిగిలింది, మాట మిగల్లేదు. 1981లో విలేజ్ హెల్త్ గైడ్ అని పేరు మార్చినా పథకం కోలుకోలేదు.

అంతకుముందే, 1970లో మహారాష్ట్రలోని జామ్‌ఖేడ్‌లో రజనీకాంత్, మాబెల్ ఆరోలే అనే డాక్టర్ దంపతులు వేరే దారి పట్టారు. చదువు రాని పల్లె ఆడవాళ్లకే శిక్షణ ఇచ్చారు. ఆ తర్వాత అభయ్, రాణీ బంగ్ దంపతులు గడ్చిరోలిలో, అంటే మన కాళేశ్వరం అవతలి ఒడ్డు జిల్లాలో, 39 ఊళ్లలో ఒక ప్రయోగం చేశారు. కాస్త చదువుకున్న ఊరి మహిళలే పసిబిడ్డను తూచేవారు, ఊపిరి లెక్కపెట్టేవారు, ఇన్‌ఫెక్షన్ వస్తే ఇంజెక్షన్ కూడా చేసేవారు. తల్లులకే కాదు, అమ్మమ్మలకూ నానమ్మలకూ జాగ్రత్తలు చెప్పేవారు. వెయ్యి జననాలకు 62గా ఉన్న నెలలోపు శిశు మరణాలు మూడేళ్లలో 25 దగ్గరికి దిగాయి. 1999లో ఈ ఫలితాలు ‘లాన్సెట్’ అనే వైద్య పత్రికలో వచ్చాయి.

నా దృష్టిలో కీలకం ఆ అమ్మమ్మలే. పుట్టగానే స్నానం చేయించాలా, ముర్రుపాలు పిండి పారబోయాలా, బొడ్డుకు పసుపు రాయాలా అన్నవి ఇరవై ఏళ్ల బాలింత తేల్చే విషయాలు కావు. ఆమెకొక్కదానికే చెప్పి వచ్చేస్తే గడప దాటేలోపే ఆ మాట చెల్లదు. ‘మీ కాలంలో మీరూ ఇలాగే పెంచారు గానీ పెద్దమ్మా...’ అని పెద్దావిడను కలుపుకుని మొదలుపెట్టాలి.

2002లో ఛత్తీస్‌గఢ్‌లో మితానిన్‌లు అనే ఊరి మహిళా ఆరోగ్య కార్యకర్తలు, 2005లో జాతీయ గ్రామీణ ఆరోగ్య మిషన్‌తో ఆశాలు వచ్చారు. 2011 నుంచి నవజాత శిశువు ఉన్న ఇంటికి వెళ్లడం వాళ్ల పనిలో చేరింది. ఆస్పత్రి కాన్పయితే 3, 7, 14, 21, 28, 42 రోజుల్లో ఆరుసార్లు, ఇంట్లో కాన్పయితే మొదటి రోజుతో కలిపి ఏడుసార్లు. అన్నీ పూర్తి చేస్తే 250 రూపాయలు. బిడ్డ బరువు కాగితం మీద కనిపిస్తుంది. అమ్మమ్మను ఒప్పించడానికి పట్టిన గంటను రాయడానికి మాత్రం ఏ కాగితంలోనూ గడి ఉండదు. ఆంధ్రప్రదేశ్‌లో 2019లో గౌరవ వేతనం 10 వేలకు పెరిగినా, ఆ గంట లెక్కలోకి రాలేదు.

మన దగ్గర ఇంకో చిక్కుంది. తొలి కాన్పుకు పుట్టింటికి వెళ్తారు. గర్భిణిగా నమోదు చేసి, నెలనెలా పలకరించి, ఇంటివాళ్లతో చనువు పెంచుకున్నది అత్తగారి ఊరి ఆశా. పసిబిడ్డ దగ్గరికి వెళ్లాల్సింది మాత్రం పుట్టింటి ఊరి ఆశా. ఇద్దరూ ఫోన్‌లో మాట్లాడుకుంటే సరే, లేదంటే మూడో రోజు, ఏడో రోజు ఎవరూ రాకుండానే గడిచిపోతాయి.