ఉచిత బస్సు జోకులు: తగువు ఎక్కడ దారి తప్పింది

మహిళల ఉచిత బస్సు మీద జోకులు మళ్లీ ఫోన్ల నిండా తిరుగుతున్నాయి. టికెట్ కొన్నాయన రాడ్డు పట్టుకుని వేలాడుతుంటే జీరో టికెట్ ఆవిడ కిటికీ పక్కన హాయిగా నిద్రపోతున్న బొమ్మ, అలిగిన భార్యకు పుట్టింటి దారి ఫ్రీ అయిపోయిందని భర్త గోల, మగవాళ్లకూ ఒక బస్సు వేయండి మహాప్రభో అనే రీళ్లు. వాటి వెంటే పాత వాదన కూడా వచ్చేసింది. నవ్వుకోవడానికి చేసినదాన్ని పట్టుకుని ఇంత రాద్ధాంతం ఎందుకని ఒక పక్క, నవ్వు కావాల్సిన ప్రతిసారీ ఆడవాళ్లే దొరుకుతారా అని ఇంకో పక్క.

పథకం ఎలా వచ్చిందో ఇక్కడ మళ్లీ చెప్పను. కాంగ్రెస్ ఎన్నికల హామీలైన ఆరు గ్యారంటీలు, 2023 డిసెంబర్ 9న మహాలక్ష్మి పేరుతో పథకం ప్రారంభం, పల్లెవెలుగులో, ఎక్స్‌ప్రెస్‌లో, హైదరాబాద్‌లో అయితే సిటీ ఆర్డినరీ, మెట్రో ఎక్స్‌ప్రెస్‌లలో ప్రయాణం ఉచితం, ఇవన్నీ తెలంగాణలో బస్సెక్కే ఎవరికైనా కంఠతా వచ్చు. గొడవంతా ఆ రోజే మొదలైందని చాలామంది అంటారు. నేను ఒప్పుకోను. మొదటి ఎనిమిది నెలలు జనం పోట్లాడింది బస్సుల గురించి. 2024 ఆగస్టు 15న ప్రతిపక్ష బీఆర్ఎస్ నేత కేటీఆర్ అన్న ఒక మాట తర్వాత పోట్లాడుతున్నది ఆడవాళ్ల గురించి. ఈ తేడా పట్టుకోకపోతే ఇవాళ్టి జోకులు ఎందుకు ఇంత చేదుగా ఉన్నాయో అర్థం కాదు.

ఆ ఎనిమిది నెలల్లో ఇబ్బంది లేదని ఎవరూ అనలేరు. బస్సులు అవే, జనం ఒక్కసారిగా పెరిగారు. కండక్టర్ ఆధార్ చూడాలి, జీరో టికెట్ కొట్టాలి, అది తీసుకోకుండా కూర్చుంటే తనిఖీలో ఫైన్ అని చెప్పాలి. ఈ పనితో తీరిక లేకనే హైదరాబాద్‌లో ఫ్యామిలీ-24, టీ-6 అనే రాయితీ టికెట్లను 2024 జనవరి 1 నుంచి ఆపేశారు. దగ్గరి ఊళ్లకు వెళ్లే మహిళలు ఎక్స్‌ప్రెస్ వదిలి పల్లెవెలుగు ఎక్కండని అప్పటి ఆర్టీసీ ఎండీ సజ్జనార్ బహిరంగంగా కోరాల్సి వచ్చింది. సీటు కోసం ఆడవాళ్లు సిగపట్లు పట్టుకున్న వీడియోలూ వచ్చాయి. మాకు సీట్లేవని బస్సుకు అడ్డంగా నిలబడిన మగ ప్రయాణికుడి వీడియో కూడా అప్పటిదే. కాలేజీకి వెళ్లే కుర్రాళ్లు పాస్ డబ్బులు కట్టి కూడా ఫుట్‌బోర్డు మీద వేలాడారంటే అది నిజమైన ఫిర్యాదే. ఆటో డ్రైవర్ల సంగతి ఇంకా పెద్దది. గిరాకీ పడిపోయి కిస్తీలు కట్టలేక రోడ్డెక్కారు, ఎన్నికల ముందు కాంగ్రెస్ చెప్పిన ఏడాదికి 12 వేల రూపాయలు ఏవని అడిగారు. 2024 ఫిబ్రవరిలో బీఆర్ఎస్ ఎమ్మెల్యేలు వాళ్లకు మద్దతుగా ఆటోల్లోనే అసెంబ్లీకి వచ్చారు. రాజకీయం ఉన్నా అడిగిన ప్రశ్న సరైనదే.

జోకులు అప్పుడూ ఉన్నాయి. వాటిలో ఎక్కువ భాగం మగవాడి అవస్థ మీద మగవాడు వేసుకున్నవే కాబట్టి వాటికి ఆడవాళ్లూ నవ్వారు. ఒక్క పుట్టింటి జోకు దగ్గర మాత్రం ఆగి చూడాలి. అలిగిన భార్య ఇదివరకు సంచి సర్దుకుని కూడా వెళ్లలేకపోయేది, ఇప్పుడు వెళ్లిపోతోంది అన్నదే కదా ఆ జోకు. ఇదివరకు ఎందుకు వెళ్లలేకపోయింది? చార్జీ డబ్బులు మొగుడి జేబులో ఉన్నాయి గనుక. అమ్మను చూడ్డానికి, ఆస్పత్రికి, చెల్లెలి ఇంట్లో శుభకార్యానికి, దేనికి వెళ్లాలన్నా ముందు ఇంట్లో అడగాలి, ఎందుకో చెప్పాలి, ఇప్పుడు కాదులే అంటే మానుకోవాలి. పథకం చేసిన పెద్ద మేలు ఇదే అని నేను నమ్ముతాను. మీరు లోతుగా చూడండి, నవ్వించాలని చెప్పిన ఆ జోకే దీనికి సాక్ష్యం చెబుతోంది. వేములవాడకో, కొమురవెల్లికో, యాదగిరిగుట్టకో నలుగురు ఆడవాళ్లు కలిసి వెళ్లొస్తే పనీపాటా లేదని అన్నవాళ్లు, మగవాళ్లు నలుగురు కలిసి ఎటు వెళ్లినా ఆ మాట అనలేదు.

ఇక ఆగస్టు. బస్సులో కూర్చుని వెల్లుల్లి పొట్టు తీసుకుంటున్న మహిళల వీడియో ఒకటి అప్పటికి కొన్నాళ్లుగా తిరుగుతోంది. ఫ్రీ బస్సును వంటిల్లు చేశారని దాని మీద వ్యాఖ్యలు. మహిళా శిశు సంక్షేమ మంత్రి సీతక్క దానికి జవాబిస్తూ, ప్రయాణంలో కూర్చున్నంతసేపూ చేతిలో పని చేసుకుంటే తప్పేముందని అడిగారు. ఆగస్టు 15న పార్టీ సమావేశంలో కేటీఆర్ ఆ మాటను ఎత్తుకున్నారు. తప్పని మేమూ అనడం లేదు, బస్సులు పెంచండి అన్నారు. అక్కడ ఆగి ఉంటే ఆ రోజుకు అది ప్రతిపక్షం అడగాల్సిన ప్రశ్నే అయ్యేది. ఆగలేదు. మనిషికో బస్సు పెట్టండి, కుట్లు అల్లికలు చేసుకుంటారు, కావాలంటే బ్రేక్ డాన్సులు, రికార్డింగ్ డాన్సులు కూడా వేసుకుంటారు అనే దాకా తీసుకెళ్లారు. ఎదురుగా ఉన్నవాళ్లు నవ్వారు.

రికార్డింగ్ డాన్స్ అంటే మన ఊళ్లలో ఏ అర్థంలో వాడతారో వేరే చెప్పక్కర్లేదు. చార్జీ లేని బస్సెక్కి ఒళ్లో వెల్లుల్లి పెట్టుకున్న ఆడమనిషిని తీసుకెళ్లి ఆ వేదిక మీద నిలబెట్టినట్టయింది. ఆ వీడియోలోని మహిళ ఎవరో ఆయనకు తెలియదు, మనకూ తెలియదు. హోటళ్లకు, పచ్చళ్లు పెట్టేవాళ్లకు వెల్లుల్లి ఒలిచి ఇచ్చి కిలోకు ఇంత అని తీసుకునేవాళ్లు ఉన్నారు, అలాంటి మనిషి అయినా కావచ్చు. లేదూ ఇంటికి చేరేసరికి రాత్రి ఏడవుతుంది, పిల్లలు ఆకలితో ఉంటారు, పొట్టు తీసేస్తే కూర పావుగంట ముందు అవుతుందని అనుకున్న మనిషి కావచ్చు. కేంద్రం 2024లో చేసిన టైమ్ యూజ్ సర్వే లెక్క చూడండి. జీతం లేని ఇంటిపని చేసేవాళ్లలో ఆడవాళ్లు దానికి రోజుకు 289 నిమిషాలు పెడుతుంటే మగవాళ్లు 88 నిమిషాలు పెడుతున్నారు. 2019 సర్వేలో మగవాళ్ల లెక్క 97, అంటే ఆ కాస్తా కూడా తగ్గింది. ఆ 289 నిమిషాల్లోంచి ఒక పదిహేను బస్సులోకి వచ్చి కూర్చుంటే అది నవ్వుల పాలయింది, ఇంట్లో ఉన్నంతకాలం మాత్రం ఎవరి కంటా పడలేదు. నాకు కోపం వచ్చేది ఇక్కడే.

మర్నాడే కేటీఆర్ ఎక్స్‌లో విచారం తెలిపారు. యథాలాపంగా అన్న మాటలని, అక్కచెల్లెళ్లను కించపరిచే ఉద్దేశం లేదని రాశారు. ఈలోగా రాష్ట్ర మహిళా కమిషన్ తనంతట తానే కేసు తీసుకుని ఆగస్టు 24న హాజరు కమ్మంది. ఆయన వెళ్లారు. కమిషన్ కార్యాలయం ముందు కాంగ్రెస్, బీఆర్ఎస్ మహిళా కార్యకర్తల మధ్య తోపులాట జరిగింది. లోపల కమిషన్ సభ్యుల్లో కొందరు ఆయనకు రాఖీలు కట్టారు. విచారించాల్సినవాళ్లు రాఖీ కట్టడమేంటని చైర్‌పర్సన్ నేరెళ్ల శారద ఆ సభ్యులకు నోటీసులిచ్చారు. ఇంత జరిగిందిగానీ బస్సుల సంఖ్య గురించి ఆ పది రోజుల్లో ఒక్కరూ గట్టిగా మాట్లాడలేదు.

మలుపు అని నేను అంటున్నది దీన్నే. ఆ రోజు దాకా బస్సులు చాలడం లేదని ఎవరైనా అంటే ప్రభుత్వం జవాబు చెప్పుకోవాల్సి వచ్చేది. ఆ రోజు తర్వాత అదే మాట అన్నవాడికి, ఆడవాళ్లు బస్సెక్కితే నీకేంటి నొప్పి అన్న సమాధానం సులువుగా దొరికింది. ప్రతిపక్షం తన చేతిలోని న్యాయమైన ప్రశ్నను ఒక్క నవ్వు కోసం పోగొట్టుకుంది. ఫుట్‌బోర్డు మీద వేలాడే కుర్రాడి ఫిర్యాదు, కిస్తీ కట్టలేని ఆటో డ్రైవర్ ఫిర్యాదు రెండూ ఆ గోలలో కొట్టుకుపోయాయి. అటు మగవాళ్లకు అన్యాయం అనే మాట బస్సుల కొరత నుంచి తప్పుకుని, ఆడవాళ్లు అనర్హులు అనే వైపుకు జరిగింది.

కేటీఆర్‌ను మహిళా కమిషన్ పిలవడం వెనుక అధికార కాంగ్రెస్ రాజకీయం లేదని నేను అనను. అదే ఏడాది అక్టోబర్‌లో ఆ పార్టీ మంత్రి కొండా సురేఖే కేటీఆర్‌ను విమర్శించబోయి ఒక నటి విడాకులను అందులోకి లాగారు, తర్వాత ఆ మాటలు వెనక్కి తీసుకున్నారు. ఆడవాళ్ల గౌరవం ఆగస్టులో గుర్తొచ్చి అక్టోబర్‌లో మర్చిపోయేదైతే జనం నమ్మరు.

ఇది తెలంగాణ మగవాళ్ల జబ్బో, ఒక్క పార్టీ జబ్బో కూడా కాదు. తమిళనాడులో 2021 మే నుంచే ఆర్డినరీ బస్సుల్లో మహిళలకు చార్జీ లేదు. అక్కడ 2022 సెప్టెంబర్‌లో ఎగతాళి చేసింది ప్రతిపక్షం కాదు, పథకం తెచ్చిన ప్రభుత్వంలోని మంత్రి పొన్ముడే. సభలో ఎదురుగా కూర్చున్న ఆడవాళ్లతో, మీరంతా ఊరికే తిరుగుతున్నారు కదా అన్నట్టు మాట్లాడారు. ఆ తర్వాత కోయంబత్తూరులో ఒక పెద్దావిడ కండక్టర్‌తో వాదించి మరీ టికెట్ డబ్బులు చేతిలో పెట్టిన వీడియో తమిళనాడంతా చూసింది. దాని వెనుక అన్నాడీఎంకే ఉందని కేసు దాకా వెళ్లింది, అయినా ఎగతాళి ఎంతగా తగిలిందో అందరికీ తెలిసింది. అదే పొన్ముడి 2025 ఏప్రిల్‌లో ఆడవాళ్ల మీద ఇంకో నీచమైన జోకు వేసి పార్టీ పదవి, ఆ తర్వాత మంత్రి పదవి పోగొట్టుకున్నారు. ఇంతకీ ఆ ఊరికే తిరగడం వల్ల ఏం జరిగిందంటే, అక్కడి రాష్ట్ర ప్రణాళికా సంఘం అధ్యయనంలో ఒక్కో మహిళకు నెలకు సగటున 888 రూపాయలు మిగులుతున్నాయని తేలింది. ఇళ్లల్లో పనిచేసే మనిషికి, కూరగాయలమ్ముకునే మనిషికి 888 రూపాయలంటే ఏమిటో మంత్రిగారికి తెలిసి ఉంటే ఆ సభలో ఆ మాట వచ్చేది కాదు.

మగవాళ్ల వైపు నుంచి వచ్చే ఇంకో మాట, పన్ను అందరిదీ అయినప్పుడు ఒక్కరికే ఎందుకని. రాజ్యాంగం 15వ అధికరణంలోని మూడో క్లాజు మహిళల కోసం, పిల్లల కోసం ప్రత్యేక ఏర్పాట్లు చేయడానికి ప్రభుత్వానికి వీలిస్తోంది. చట్టం సంగతి అలా ఉంచినా, పన్ను ఆడవాళ్లు కూడా కడుతున్నారు, సబ్బు మీదా నూనె మీదా. పేద మగవాళ్లకు, ముసలివాళ్లకు రాయితీ ఇవ్వాలని అడగండి, నేనూ గొంతు కలుపుతాను. ఆమెది తీసేయమంటే మాత్రం కలపను.

2025 ఆగస్టు 15న, ఆ వ్యాఖ్యలకు సరిగ్గా ఏడాదికి, ఆంధ్రప్రదేశ్‌లో స్త్రీశక్తి మొదలైంది. పల్లెవెలుగు, అల్ట్రా పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్, సిటీ ఆర్డినరీ, మెట్రో ఎక్స్‌ప్రెస్, ఈ అయిదు రకాల బస్సుల్లో వర్తిస్తుంది, తిరుమల కొండ మీదికెళ్లే సప్తగిరి బస్సులకు లేదు. తెలంగాణ జోకులన్నీ ఊళ్ల పేర్లు మార్చుకుని అక్కడ కూడా దిగాయి, వెల్లుల్లితో సహా. అయితే ఆంధ్ర ఒక విషయం నేర్చుకుంది. యాభై రోజులు తిరిగేసరికి, అక్టోబర్ 4న, ఆటో డ్రైవర్ల సేవలో పేరుతో ఒక్కొక్కరికి 15 వేల రూపాయల చొప్పున దాదాపు 2 లక్షల 90 వేల మంది ఖాతాల్లో వేసింది. అది చాలుతుందా అన్నది వేరే మాట. నష్టపోయిన మగవాడికి సమాధానం మహిళ టికెట్‌ను వెక్కిరించడంలో లేదని, అతనికి ఇవ్వాల్సింది అతనికివ్వాలని ఒక ప్రభుత్వం ఒప్పుకుంది. తెలంగాణ ఆటో యూనియన్లు తమ 12 వేల గురించి ఆందోళనలు చేస్తూనే వచ్చాయి.

తెలంగాణలో జీరో టికెట్లు 2025 జులైకి 200 కోట్లు దాటాయి, వాటి విలువ 6,680 కోట్ల రూపాయలని ప్రభుత్వం చెప్పింది. జోకుల్లో ఎక్కడా కనపడని ఇంకో సంగతి కూడా ఉంది. ఆ ఏడాది మార్చి 8 నుంచి మహిళా సంఘాల సమాఖ్యలు సొంతంగా బస్సులు కొని ఆర్టీసీకి అద్దెకిస్తున్నాయి. తొలి విడతకు 150 బస్సులు అనుకున్నారు, ఒక్కో బస్సుకు నెలకు 77,220 రూపాయల అద్దె. అంటే బస్సులు పెంచండన్న డిమాండుకు కొంత జవాబు, ఫ్రీగా తిరుగుతున్నారని అనిపించుకున్న ఆడవాళ్ల పొదుపు డబ్బు లోంచే వస్తోంది. పొద్దున ఎనిమిదింటికి కాలేజీ బస్సు కోసం నిలబడే పిల్లలకు, ఆడపిల్లలకైనా మగపిల్లలకైనా, ఆ 150 చాలవు. ఇంకెన్ని కావాలో డిపోలవారీగా ఆర్టీసీ చెప్పాలి, బీఆర్ఎస్ అడగాల్సింది కూడా అదే.