టమాటా నీడ ఏ రంగు?

ప్రైమరీ స్కూల్లో టమాటా బొమ్మ వేయమంటే చాలామంది పిల్లలు అంతటా ఒకే ఎరుపు నింపి, కింద నల్ల క్రేయాన్‌తో నీడ పెడతారు. టమాటా ఎర్రగా ఉంటుందని, నీడ నల్లగా ఉంటుందని వాళ్లకి ముందే తెలుసు కాబట్టి ఎదురుగా ఉన్న కాయని చూడాల్సిన అవసరం రాలేదు. స్టిల్ లైఫ్ పాఠం, అంటే ఎదురుగా పెట్టిన వస్తువుని చూసి బొమ్మ వేసే పాఠం, ఆ అవసరం కల్పించాలి. రంగుల్ని చక్రంలా అమర్చి చూపించే కలర్ వీల్ చార్టు గోడకి తగిలించడం ఆ తర్వాతి పని.

కిటికీ దగ్గర బల్ల మీద తెల్ల డ్రాయింగ్ షీటు పరిచి, బాగా పండిన టమాటా ఒకటి పెట్టండి. ఏ రంగులు కనిపిస్తున్నాయో పిల్లల్నే చెప్పమనండి. పైన ఒక తెల్లటి మెరుపు ఉంటుంది. నున్నటి తొక్క మీద పడి అలాగే తిరిగొచ్చిన కిటికీ వెలుతురు అది. దగ్గరికెళ్లి చూస్తే ఆ మెరుపు కిటికీ ఆకారంలోనే కనిపిస్తుంది! పక్కకి వచ్చేకొద్దీ ఎరుపు ముదురుతుంది. తీరా అడుగుకి వచ్చేసరికి మళ్లీ కాస్త వెలుగు, ఇది కాగితం పంపిన వెలుగు. కాయకి ఆనుకుని ఉన్న నీడలో సన్నటి ఎర్రజీర కూడా ఉంటుంది. టమాటా మీద పడిన వెలుతురులో ఎరుపు భాగం కాగితం మీదికి చేరడమే దానికి కారణం.

సాయంత్రం పూట రెండోవైపు పసుపు వెలుగిచ్చే బల్బు కూడా వేస్తే ఇంకా బాగుంటుంది. అప్పుడు రెండు నీడలు పడతాయి. బల్బు వెలుగు అందనిచోట ఆకాశం వెలుతురే ఉంటుంది కాబట్టి ఆ నీడ నీలంగా, కిటికీ వెలుతురు అందని నీడ పసుప్పచ్చగా కనిపిస్తాయి. పక్కపక్కనే ఉండటం వల్ల ఆ తేడా కంటికి మరింత ఎక్కువగా అనిపిస్తుంది కూడా.

ఈ పక్కరంగు ప్రభావాన్ని శ్రద్ధగా పరిశీలించినవాడు ఫ్రాన్స్ రసాయన శాస్త్రవేత్త షెవ్రల్. పారిస్‌లో గోబెలిన్స్ నేతశాలలో 1824 నుంచి అద్దకాల విభాగం చూసేవాడు. నల్ల నూలు వెలిసినట్టుందని ఫిర్యాదులొచ్చాయి. ఆయన పరీక్షిస్తే అద్దకంలో లోపమేమీ లేదు. ఆ నలుపు పక్కన నేసిన నీలం, ఊదా రంగులే దాన్ని అలా చూపిస్తున్నాయి. 1839లో దీనిమీద పెద్ద పుస్తకమే అచ్చువేశాడు. పిల్లలకి ఇంత చరిత్ర అక్కర్లేదు. ఒకే బూడిదరంగు కాగితం ముక్కలు రెండింటిలో ఒకటి ఎర్ర కాగితం మీద, ఇంకోటి ఆకుపచ్చ కాగితం మీద పెట్టి చూపిస్తే చాలు, రెండూ వేరువేరు రంగుల్లా ఉన్నాయని వాళ్లే అంటారు.

ఇక రంగులు కలపడం. పసుపు పెయింట్ తన మీద పడిన వెలుతురులో నీలాన్ని మింగేస్తుంది, నీలం పెయింట్ ఎరుపుని మింగేస్తుంది. రెండూ వదిలేసిన ఆకుపచ్చ మాత్రం కంటికి చేరుతుంది. ఎరుపు, నీలం కలిపితే ఊదా వస్తుందని చెబుతాం గానీ, కలర్ బాక్సులో ఎరుపు సాధారణంగా నారింజ వైపు మొగ్గుతుంది కాబట్టి వచ్చేది మట్టిరంగే. పిల్లలు తమ తప్పనుకుని డీలా పడతారు. గులాబి వైపు ఉండే మెజెంటా రంగు ఇవ్వండి, వంకాయ రంగు చక్కగా వస్తుంది.

నా మటుకు, మొదటి కొన్ని వారాలు నలుపు రంగుని బీరువాలో పెట్టేయమంటాను. టమాటా చీకటి వైపుకి ఎరుపులో రవ్వంత ఆకుపచ్చ కలిపితే సరిపోతుంది. ఆకుపచ్చ పెయింట్ ఎరుపు వెలుతురుని మింగుతుంది కాబట్టి రంగు దానంతటదే ముదురుతుంది. ఎంత కలపాలో ముందు వేరే కాగితం మీద చుక్కలు పెట్టి చూసుకోనివ్వండి.