డోర్ స్పీకర్ల బిగింపు: రోజూ వినే అపోహలు, అసలు వాస్తవాలు

విజయవాడ ఆటోనగర్‌లో కార్ ఆడియో పని చేస్తాను. మా దగ్గరికి వచ్చేవాళ్లలో చాలామంది స్పీకర్లు ఆన్‌లైన్‌లో కొనుక్కుని డబ్బాతో సహా తెస్తారు. వాట్లు చూస్తారు, బ్రాండ్ చూస్తారు, రివ్యూలు చదువుతారు. ఆ స్పీకర్ డోర్‌లో దేనికి బిగుసుకోవాలి, దాని వెనకాల ఏముంది అన్నది మాత్రం ఎవరూ అడగరు. నా మట్టుకు నాకు అదే మొదటి ప్రశ్న. ఇంట్లో స్పీకర్‌కి చెక్క పెట్టె ఉంటుంది, కారులో ఆ పెట్టె డోరే. పైగా ఆ డోర్‌లో వాన నీళ్లు దిగుతాయి, అద్దం పైకీ కిందకీ తిరుగుతుంది, ప్రమాదం జరిగితే లోపలివాళ్లను కాపాడాల్సింది కూడా అదే.

అపోహ: మంచి స్పీకర్ కొంటే చాలు, పాతది తీసి అక్కడే పెట్టేస్తే బేస్ వచ్చేస్తుంది.

స్పీకర్‌లో కదిలే గరాటు లాంటి భాగం, అంటే కోను, ముందుకు కదిలినప్పుడు ముందున్న గాలి నొక్కుకుంటుంది, అదే క్షణంలో వెనక గాలి పలచబడుతుంది. ఈ రెండూ కలిస్తే ఒకదాన్నొకటి కొట్టేసుకుంటాయి. 80 హెర్ట్జ్ బేస్ అల పొడవు గాలిలో నాలుగు మీటర్ల పైమాటే. అంత పొడవు అల ముందు స్పీకర్ ముందుకూ వెనక్కూ ఉన్న జానెడు దూరం లెక్కలోకే రాదు. అందుకే స్పీకర్‌కీ డోర్ రేకుకీ మధ్య పెట్టే రింగు పక్కన కాస్త సందు ఉన్నా బేస్ చచ్చిపోతుంది. ఎనిమిది వేల స్పీకర్‌ని వదులు రింగు మీద పెట్టినదానికన్నా, మూడు వేల స్పీకర్‌ని గట్టి రింగు మీద సందు లేకుండా కూర్చోబెట్టినది బాగా మోగడం నేను ఎప్పుడూ చూసేదే.

దీన్ని మీరే పరీక్షించుకోవచ్చు. స్పీకర్ బిగించాక, డోర్ ప్యాడ్ (డోర్ లోపలి వైపు కనిపించే ప్లాస్టిక్ కవరు) ఇంకా పెట్టకముందే, బేస్ ఎక్కువున్న పాట ఒకటి పెట్టించి రింగు చుట్టూ వేలు తిప్పండి. ఎక్కడ గాలి తగిలితే అక్కడ లీకు ఉన్నట్టే. ఇంకొక సందు ప్యాడ్ పెట్టాక ఏర్పడుతుంది. స్పీకర్ అంచుకూ ప్యాడ్ జాలీకీ మధ్య ఖాళీ ఉంటే, శబ్దంలో కొంత జాలీ దాటి మీ దగ్గరికి రాకుండా ప్యాడ్ వెనకాలకి పోయి ప్యాడ్‌నే గడగడలాడిస్తుంది. నీళ్లు పీల్చని రకం ఫోమ్ పట్టీ చుట్టూ అంటిస్తే ఆ సమస్య తీరిపోతుంది. ఖర్చు కూడా పెద్దగా ఉండదు.

కొన్ని కార్లలో కంపెనీ స్పీకర్ రివెట్లతో ఉంటుంది, డ్రిల్ పెట్టి తీయాలి. ఆ ఇనప రజను తుడవకుండా కొత్త స్పీకర్ దగ్గరికి తెస్తే అయస్కాంతం మొత్తం లాగేసుకుంటుంది. కోనుని కదిపే తీగచుట్ట, అంటే కాయిల్, ఉన్న సందులోకి ఒక్క నలుసు పోయినా గరగర మొదలవుతుంది, తర్వాత తీయడం దాదాపు అసాధ్యం. అందుకే వాక్యూమ్ పట్టి, తడిగుడ్డతో తుడిచాకే స్పీకర్‌ని డబ్బాలోంచి బయటికి తీయాలి. కోసిన రేకు అంచుకి ప్రైమర్ కొట్టడం కూడా అప్పుడే చేయాలి. ప్యాడ్ పెట్టేశాక అక్కడ తుప్పు పట్టినా కంటికి కనపడదు.

అపోహ: ఎమ్‌డీఎఫ్ రింగును మించింది లేదు.

ఎమ్‌డీఎఫ్ అంటే చెక్క పొడిని నొక్కి చేసిన పలక. అది గట్టిగానే ఉంటుంది, కోయడం తేలిక, చవక. కానీ నీళ్లు తగిలితే ఉబ్బి, పొరలుగా విడిపోతుంది. రెండు వానాకాలాలు గడిచాక స్క్రూ చుట్టూ పిండిలా రాలిన రింగుల్ని చాలానే తీశాను. కచ్చితంగా ఎమ్‌డీఎఫ్ రింగే కావాలంటే అన్ని వైపులా, స్క్రూ రంధ్రాల లోపల కూడా, రెజిన్ (పూశాక గట్టిపడే ద్రవం) పట్టించాలి. అంతకన్నా హెచ్‌డీపీఈ ప్లాస్టిక్ రింగో, మందపాటి అక్రిలిక్‌ రింగో పెట్టుకోవడం మేలు.

అపోహ: ప్యాడ్ వెనకున్న ప్లాస్టిక్ షీట్ ఎందుకూ పనికిరాదు, చింపేయొచ్చు.

నన్ను అన్నిటికన్నా బాధపెట్టే అపోహ ఇదే. ఎందుకంటే దీని ఫలితం పాట వినేటప్పుడు తెలియదు, వాన పడ్డాక తెలుస్తుంది.

అద్దం పక్కనుండే రబ్బరు నీళ్లను పూర్తిగా ఆపదు, ఆపడానికి పెట్టిందీ కాదు. వాన నీళ్లు అద్దం మీదుగా డోర్ లోపలికి దిగి, కింద అంచులో ఉన్న రంధ్రాల్లోంచి బయటికి పోతాయి. ఆ నీళ్లు ప్యాడ్ వైపు రాకుండా ఆపేదే ఈ షీట్. దాన్ని చింపి గాలికి వదిలేస్తే నీళ్లు ప్యాడ్ వెనక నుంచి కారి కార్పెట్ కిందకి చేరతాయి. పై కార్పెట్ ఎండినట్టే ఉంటుంది, కింద ఫోమ్ మాత్రం నెలల తరబడి తడిగానే ఉంటుంది. కారులో ముక్కిన వాసన వస్తోందని ఏసీ సర్వీస్ చేయించుకుని, అయినా పోలేదని తిరిగేవాళ్లు ఒక్కసారి ముందు సీటు దగ్గర కార్పెట్ లేపి చూడండి.

షీట్ తీయక తప్పదంటే, దాని స్థానంలో లోపలి రేకు రంధ్రాలన్నీ సరిగా మూయాలి. చిన్నవాటికి బ్యూటైల్ షీట్ (రేకు వణుకు తగ్గించడానికి అంటించే రబ్బరు లాంటి డ్యాంపింగ్ షీటు) సరిపోతుంది. అరచెయ్యంత పెద్ద రంధ్రానికి అదే అంటిస్తే స్పీకర్ మోగినప్పుడల్లా పొట్టలా లోపలికీ బయటికీ ఊగుతుంది. అక్కడ అల్యూమినియం రేకో, గట్టి ప్లాస్టిక్ పలకో కోసి స్క్రూలతో బిగించాలి. రేపు అద్దం మోటారు పాడైతే మెకానిక్ అదే రంధ్రంలోంచి చెయ్యి పెట్టాలి, కాబట్టి ఊడదీయడానికి వీలుండాలి.

పని అయ్యాక అద్దం మీద ఒక మగ్గు నీళ్లు పోయించండి. డోర్ కింద రంధ్రాల్లోంచి నీళ్లు కారాలి, ప్యాడ్ వైపు చుక్క రాకూడదు. కారకపోతే డ్యాంపింగ్ షీటు ఆ రంధ్రాల్ని మూసేసిందని అర్థం. అలా వదిలేస్తే డోర్ లోపలి నుంచే తుప్పు పడుతుంది.

అపోహ: డ్యాంపింగ్ ఎంత ఎక్కువ వేస్తే అంత మంచిది.

రేకు వణుకు తగ్గించడానికి పెద్ద చదును భాగాల నడుమ వేస్తే చాలు, మొత్తం విస్తీర్ణంలో పావు వంతు నుంచి మూడో వంతు దాకా. రెండు మిల్లీమీటర్ల బ్యూటైల్ షీట్ చదరపు మీటరుకు మూడు కిలోల పైమాటే తూగుతుంది, ఆ బరువంతా మోయాల్సింది డోర్ కీళ్లే. ఇంకో మాట, ఇళ్ల స్లాబు లీకులకు వేసే తారు షీటు కారులో వేయించుకోవద్దు. మన మే నెల ఎండకి అది మెత్తబడి జారుతుంది, వాసన వదలదు.

అపోహ: ఫైబర్ పాడ్‌ని (స్పీకర్ కోసం విడిగా చేసే ఫైబర్ గూడుని) డోర్ ప్యాడ్‌కి అతికిస్తే చాలు.

కస్టమ్ పనిలో అందం అంతా ఇక్కడే, తప్పులు కూడా ఇక్కడే ఎక్కువ. పాడ్ చేసేది ఇలా. ప్యాడ్ మీద మాస్కింగ్ టేపు వేసి కాపాడుకుంటాం. స్పీకర్ రింగుని కూర్చున్నవాళ్ల వైపు కొంచెం వంచి చిన్న కాళ్ల మీద నిలబెడతాం. దాని మీద సాగే గుడ్డ లాగి కట్టి రెజిన్ పూస్తాం. గట్టిపడ్డాక లోపల వైపు ఫైబర్ మ్యాట్ పొరలు వేసి, పైన పుట్టీ పట్టి, సాండింగ్ చేసి, రెగ్జిన్ చుడతాం. రెజిన్‌ని గట్టిపరిచే హార్డ్‌నర్ ఒకటి నుంచి రెండు శాతం, ఎండాకాలంలో ఇంకా తక్కువ వైపే ఉండాలి. తొందరగా ఆరాలని ఎక్కువ కలిపితే రెజిన్ వేడెక్కి పగుళ్లిస్తుంది.

పాడ్ ఎంత గట్టిగా వచ్చినా అది కూర్చునే ప్యాడ్ సంగతి చూడాలి. చాలా కార్ల డోర్ ప్యాడ్ పాలీప్రొపిలీన్ ప్లాస్టిక్. పాలిస్టర్ రెజిన్ దాన్ని పట్టుకోదు, గోటితో లేపినా పొరలా ఊడొస్తుంది. పైగా ప్యాడ్ డోర్‌కి నిలబడేది చిన్న ప్లాస్టిక్ క్లిప్పుల మీద. కిలో, కిలోన్నర స్పీకర్‌ని దానికి వేలాడదీసి రోజూ డోర్ దబదబ వేస్తుంటే నాలుగు నెలల్లో క్లిప్పులు వదులవుతాయి, బేస్ కొట్టినప్పుడల్లా ప్యాడ్ ఊగుతుంది. స్పీకర్ బరువు బోల్టుల ద్వారా లోపలి రేకు మీదకి పోవాలి, ప్యాడ్ పని ముసుగు వరకే. ఈ ఒక్క విషయంలో నేను కస్టమర్‌తో రాజీపడను, కాదంటే పని వద్దంటాను.

లోతు కొలత కూడా ముందే తీయాలి. అద్దం పూర్తిగా దించి, రంధ్రంలోంచి అద్దం దాకా ఎంత ఉందో కొలిచి, అయస్కాంతానికీ అద్దానికీ మధ్య కనీసం అర సెంటీమీటరు మిగిలేలా రింగు మందం తేల్చుకోవాలి. పాడ్ బయటికి పెరిగితే డోర్ మూసినప్పుడు డ్యాష్‌బోర్డు అంచుకీ, సీటు హ్యాండిల్‌కీ తగులుతుందేమో అట్టముక్కతో నమూనా చేసి చూడాలి.

అపోహ: స్పీకర్ పట్టకపోతే రేకు కోసేస్తే సరిపోతుంది.

లోపలి రేకులో రంధ్రం కొద్దిగా పెంచడం వేరు, డోర్ లోపల అడ్డంగా ఉండే ఇనప దూలాన్ని తాకడం వేరు. పక్క నుంచి గుద్దినప్పుడు తట్టుకోవడానికి పెట్టింది అది. కొన్ని కార్లలో డోర్ లోపలి గాలి ఒత్తిడి ఒక్కసారిగా మారడాన్ని బట్టి సైడ్ ఎయిర్‌బ్యాగ్‌కి సంకేతం పంపే సెన్సర్ కూడా డోర్‌లోనే ఉంటుంది. అలాంటి కారులో కొత్తగా పెద్ద రంధ్రాలు చేయించొద్దు. ముందు అద్దం పక్క స్తంభంలో కర్టెన్ ఎయిర్‌బ్యాగ్ ఉన్న కారులో ట్వీటర్ (సన్నటి శబ్దాలు పలికే చిన్న స్పీకర్) కోసం అక్కడ ఫైబర్ పాడ్ కట్టించడం మరీ ప్రమాదం. బ్యాగ్ తెరుచుకునే దారిలో గట్టి వస్తువు పెట్టినట్టవుతుంది. సైడ్ మిర్రర్ వెనకుండే మూడు మూలల ముక్కలాంటి ప్లాస్టిక్ భాగంలో ట్వీటర్ పెట్టుకోండి, శబ్దం కూడా అక్కడి నుంచి బాగుంటుంది.

అపోహ: కొత్త స్పీకర్ పెడితే కారు వారంటీ పోతుంది.

గొడవ వచ్చేది ఎక్కువగా వైర్లు కోసినప్పుడే. కారు వైర్ల కొసనుండే కప్లర్‌కి సరిపోయే అడాప్టర్ దొరుకుతుంది, దానితో కలిపితే కంపెనీ వైరు ముట్టుకునే పనే ఉండదు, రేపు కారు అమ్మేటప్పుడు పాత స్పీకర్ తిరిగి పెట్టుకోవచ్చు. ఆంప్లిఫయర్ నుంచి లావు వైరు కొత్తగా లాగాల్సి వస్తే డోర్‌కీ బాడీకీ మధ్య రబ్బరు గొట్టంలోంచే పోవాలి, బయట నుంచి కాదు. బేస్‌నీ సన్నటి శబ్దాల్నీ విడదీసే క్రాస్‌ఓవర్ పెట్టెని డోర్‌లో కాకుండా డ్యాష్ కింద పొడిగా ఉన్న చోట పెట్టించండి. ప్యాడ్ మూసేముందు వూఫర్ (బేస్ పలికే పెద్ద స్పీకర్) వైర్లకి ఒకటిన్నర వోల్టుల సెల్లు ఒక్క క్షణం తాకించి చూడమనండి. ప్లస్‌కి ప్లస్ తగిలితే రెండు డోర్లలో కోన్లూ బయటికే రావాలి. ఒకటి లోపలికి పోయిందంటే ఆ డోర్‌లో వైర్లు తిరగబడ్డట్టు. ట్వీటర్‌కి మాత్రం ఈ పరీక్ష చేయనివ్వకండి, అది దెబ్బతినొచ్చు.